చేటలో గాజులు

మా ఇంటి పూజగదిలో ఒక విధవకు చోటు దొరికింది. పటానికి బంగారు రంగు ఫ్రేము కట్టించారు, పైన చిన్న ఎర్ర బల్బు పెట్టారు. మా తోటికోడలు రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి దానికి హారతి ఇచ్చేది. పటంలో ఉన్నది ధూమావతి. నెరిసిన జుట్టు, తెల్లచీర, ఊడిన పళ్ళు, చేతిలో చేట, రథం మీద కాకి. అమ్మవారి పది రూపాలను దశమహావిద్యలంటారు కదా, వాటిలో మొగుడు లేని దేవత ఈమె ఒక్కతే. ఇక ఇంట్లో ఉన్న అసలు విధవను నేను. మేడ మీద గదిలో ఉంటాను. నాకు హారతి సంగతి దేవుడెరుగు, పొద్దున్నే దుకాణానికి వెళ్ళేటప్పుడు నేను ఎదురైతే మా తోటికోడలు చెప్పులు విప్పి మళ్ళీ లోపలికి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరుతుంది.

మా ఇల్లు మెట్టుగూడలో. కింద మా మరిది కుటుంబం, పైన నేను. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. ఆ గాజు కిటికీ వెనక కూర్చున్నవాళ్ళకు నోరు లేకపోతే బతకలేరు. నాకు ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉంది, ఇంట్లో అందరూ ఆ మాటే అంటారు. మరిదికి రెజిమెంటల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం. మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున వెళ్ళి దుకాణంలో కూర్చునేవారు. దాంతో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు నా దగ్గరే పెరిగింది. నాకు పిల్లలు లేరు. దానికి తల దువ్వింది నేను, ఎక్కాలు వల్లె వేయించింది నేను. ఒంటి నిండా అమ్మవారు పోసినప్పుడు వేపాకులు పరిచి పక్కన పడుకున్నదీ నేనే. అప్పట్లో నా నీడకు ఏ దోషమూ లేదు.

దాని పెళ్ళిలో తలంబ్రాల వేళకు నన్ను వెనక్కి పంపారు. ఐస్‌క్రీము వాడు వచ్చాడో లేదో జెర చూడు అక్కా, అంది మా తోటికోడలు. వాడు ఎప్పుడో వచ్చి కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. వాడి ఎదురుగా కూర్చుని భజంత్రీలు విన్నాను. అంత నోరున్న దాన్ని, ఆ రోజు కిమ్మనలేదు. పిల్ల పెళ్ళి పాడుచెయ్యడం ఎందుకనుకున్నాను. ఆ తర్వాత పిల్లకు మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పి పుట్టింటికి వచ్చినప్పుడు నేను ఒక్కటే అనుకున్నాను. ఈసారి శ్రీమంతంలో దాని చేతులకు నేను గాజులు తొడగాలి. నలుగురి ముందు, పగటి వెలుగులో, దాని ఎదురుగా కూర్చుని. ఇంకేమీ వద్దు నాకు. నగలొద్దు, చీరొద్దు, ఫోటోలో ముందు వరసా వద్దు.

ముందే చెప్పేస్తాను, కాన్పు సుఖంగా అయింది, పాప ఆరోగ్యంగా ఉంది. ఆ గొప్ప మొత్తం గురూజీకి వెళ్ళింది. నేను చెబుతున్నది గాజుల సంగతి.

గురూజీ మా ఇంట్లోకి ఎలా వచ్చాడంటే, మొదటి కడుపు పోయినప్పుడు డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఏ లోపమూ లేదు, ఒక్కోసారి ఇలా జరుగుతుంటుంది అంది. ఆ మాటతో ఎవరి మనసు కుదుటపడుతుంది? పిల్ల కంప్యూటర్ల ఉద్యోగం చేస్తుంది, దేనికైనా ఒక కారణం ఉండాలని దాని లెక్క. తల్లికి కారణంతో పాటు దోషి కూడా కావాలి. గురూజీ దగ్గర రెండింటికీ కొదవ లేదు.

ఆయన మఠం, అంటే ఆయన దాన్ని పీఠం అంటాడు, రాంగోపాల్‌పేట్‌లో శానిటరీ సామాన్ల దుకాణం పైన ఉంది. కింద వరసగా కమోడ్లు, వాష్‌బేసిన్లు, పైన వరసగా దశమహావిద్యలు. మెట్ల మీద ఇద్దరి గిరాకీ కలిసిపోతుంది. కుళాయి కొనడానికి వచ్చిన ఒకాయన పొరపాటున పైకెక్కి జాతకం చెప్పించుకుని వెళ్ళాడని విన్నాను, నమ్ముతాను. లోపల ఏసీ. ఏసీకి సాంబ్రాణి పొగ పడదని గోడకు సువాసన కొట్టే మిషను బిగించారు. గురూజీకి మూరెడు ఎర్ర బొట్టు, ఎర్ర పట్టు పంచె, మెడలో రుద్రాక్షలు, ముందు లాప్‌టాప్, పక్కన రెండు ఫోన్లు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మాట మహా తియ్యగా ఉంటుంది.

పిల్లకు రెండోసారి నెల తప్పగానే మేం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. గోడ మీద పటాలు చూసుకుంటూ పోయాను. ఛిన్నమస్త తన తల తానే నరుక్కుని చేత్తో పట్టుకుని, ఎగజిమ్మే రక్తాన్ని తానే తాగుతూ పక్కనున్న చెలికత్తెలకు కూడా పోస్తోంది. ఆ పటం కింద ఏసీ రిమోట్. ఎప్పుడో ఎవరో శ్మశానంలో కూర్చుని, చావు భయం పోగొట్టుకోవడానికి చూసిన రూపాలు అవి. ఆ మాత్రం నాకూ తెలుసు. ఈయన వాటిని భయం పుట్టించడానికి తగిలించాడు. ఏ పటం కింద ఏ గ్రహమో చీటీ అంటించి ఉంది. రాహువుకు ఛిన్నమస్త, శుక్రుడికి కమల, కుజుడికి బగళాముఖి, కేతువుకు ధూమావతి. ఏ బండి ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో రాసినట్టు రాశాడు. ఇలాంటి బోర్డు చదువుకుంటూనే నా ఉద్యోగం గడిచింది, నాకు కొత్తేమీ కాదు.

బగళాముఖి పటం దగ్గర మా తోటికోడలు ఆగిపోయింది. ఆ దేవత అంతా పసుపే. పసుపు చీర, పసుపు పూలు, మెడలో పసుపు కొమ్ముల మాల. ఒక చేత్తో గద ఎత్తి, రెండో చేత్తో ఒక రాక్షసుడి నాలుక పట్టి లాగుతోంది.

"అక్కా, గీ అమ్మవారు నీకోసమే ఉన్నట్టుంది సూడు. నాలుక పట్టి గుంజుతున్నది" అంది.

పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. గురూజీ మాత్రం నవ్వలేదు.

"ఎదుటివాడి వాక్కును స్తంభింపజేసే తల్లి అమ్మా. పసుపు వస్త్రం కట్టి, పసుపు కొమ్ముల మాలతో హ్లీం బీజాన్ని జపిస్తే చాలు, శత్రువుకు నోట మాట రాదు" అన్నాడు.

"మా కౌంటర్ దగ్గరికి ఒక్కసారి తోలియ్యాల్సుండె" అన్నాను. ఆయన వినిపించుకోలేదు.

లాప్‌టాప్‌లో పిల్ల జాతకం తీశాడు. కాసేపు మీసం దువ్వాడు. "పంచమంలో కేతువు కూర్చున్నాడండీ. పంచమం సంతాన స్థానం. ఆయన అక్కడ ఉన్నంతకాలం గర్భాన్ని నిలవనివ్వడు. కంగారు పడకండి, దీనికి విరుగుడుంది. కేతువుకు అధిదేవత ధూమావతి. అమ్మాయి పేరు మీద ధూమావతీ జపం చేయించాలి, పటం ఇంట్లో పెట్టి ఆరాధించాలి. అసలు ఈ తల్లిని ఇంట్లో పెట్టుకోకూడదు, నేను మంత్రంతో బంధనం చేసి ఇస్తానులెండి."

"నేను చేస్తా గురూజీ జపం. ఇప్పుడే షురూ చేస్తా" అంది మా తోటికోడలు.

"అయ్యయ్యో, సుమంగళులు చెయ్యరాదమ్మా. మీవారికి మంచిది కాదు. మీరు హారతి వరకే. జపం సన్యాసులు చెయ్యాలి, లేకపోతే..." అని ఆగిపోయాడు. ఆగి గోడ వైపు చూశాడు. మా తోటికోడలు నా వైపు చూసింది. పిల్ల కూడా చూసింది.

"లేకపోతే విధవలు. అనుండ్రి, నాకేం కొత్త కాదు" అన్నాను.

ఏం చోద్యమో చూడండి. పేరంటానికి పనికిరాను, తలంబ్రాలకు పనికిరాను, శుక్రవారం ఎదురు రావడానికి పనికిరాను. గ్రహాన్ని దింపడానికి మాత్రం నేనే కావాలి. సిగ్గన్నది ఏ కోశానా లేదు ఈ మనుషులకు.

ఆ సాయంత్రం తల్లీకూతుళ్ళు మేడ మీదికి వచ్చారు. మా తోటికోడలు నా మంచం మీద కూర్చుంది, కూర్చుని చాలా ఏళ్ళయింది. నా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగింది. నాకు ఒళ్ళు మండింది. అడగాల్సింది అడగమన్నాను. అడిగింది.

"సరే చెల్లే, కూసుంట. కానీ శ్రీమంతం నాడు బిడ్డకు నేను సుత గాజులు తొడుగుతా. అందరి ముంగట. అట్లయితేనే."

ఆమె కూతురి మొహం చూసింది.

"పెద్దమ్మ తొడగాలె మమ్మీ. నాకేం భయం లేదు" అంది పిల్ల. అని నా చెయ్యి పట్టుకుంది.

"సరే అక్కా. అమ్మవారి మీద ఒట్టు" అంది మా తోటికోడలు.

మా ఆయన పోయినప్పుడు కూడా నేను తెల్లచీర కట్టలేదు. కౌంటర్లో నీలం చీరలోనే కూర్చున్నాను, ఎవరేమనుకున్నా లెక్క చెయ్యలేదు. ఇప్పుడు ఈ జపం కోసం మా తోటికోడలు బజారుకు వెళ్ళి అంచు లేని తెల్లచీర తెచ్చింది. ఏం కొన్నా బేరమాడే మనిషి, దీనికి బేరం కూడా ఆడలేదట. శనివారం శనివారం మధ్యాహ్నం పూట రాంగోపాల్‌పేట్‌లో పీఠం వెనక గదిలో కూర్చోవాలి. నల్ల కర్టెన్లు, నా ముందు ఒక కొత్త చేట, చేటలో నల్ల నువ్వులు. ఒక మూలన కింద దుకాణం వాళ్ళ వాష్‌బేసిన్ల అట్టపెట్టెలు. గది అద్దె ఇద్దరూ పంచుకుంటారేమో. ముందు గదిలో గురూజీ ఎవరి వీసా గండాన్నో ఫోన్లో గట్టెక్కిస్తుంటే నేను ధూం ధూం అని గొణుగుతూ కూర్చునేదాన్ని.

మొదటిరోజు ఆయన నాకు ధూమావతి కథ చెప్పాడు, గొంతు తగ్గించి. సతీదేవికి ఆకలేసిందట. శివుణ్ణి అన్నం అడిగిందట, ఆయన ఆగమన్నాడట. ఆగలేక ఆయన్నే మింగేసిందట. అందుకని విధవ అయిందట.

"మా ఆయనను బీపీ మింగింది. నేను గాదు" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు నటించాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

నాకు ఆయన మీద నమ్మకం లేదు, ఆయన గ్రహాల మీద అసలే లేదు. మొదట్లో మంత్రాన్ని రైళ్ళ అనౌన్స్‌మెంట్ లాగా నోటితో అన్నాను. కానీ ఎన్ని శనివారాలని నోటితోనే అంటాం? ఆ చీకటి గదిలో కూర్చుని కూర్చుని, ఆ చేటను చూసి చూసి, ఒకరోజు నాకు తెలియకుండానే ధూమావతితో మాట్లాడాను. నీకూ మొగుడు లేడు, నాకూ లేడు. మనిద్దరినీ ఎవరూ పేరంటానికి పిలవరు. నువ్వు ఉన్నావో లేవో నాకు తెలియదు. ఉంటే మాత్రం ఆ పిల్ల కడుపు నిలుపు తల్లీ, అన్నాను. అని ఏడ్చాను. ముసలి మొహం వేసుకుని అట్టపెట్టెల మధ్య ఏడ్చాను. ఆ సాయంత్రం దారిలో దిగి, పిల్ల కోసం ఆకుపచ్చ మట్టిగాజులు కొన్నాను. దాని చేతి కొలత నాకు చెప్పాల్సిన పని లేదు.

జపం ముగిసింది. స్కానింగ్‌లో అంతా బాగుందన్నారు. మా తోటికోడలు గురూజీకి పట్టు శాలువా కప్పి వచ్చింది. శ్రీమంతానికి ముహూర్తం కూడా ఆయనే పెట్టాడు. ముందురోజు పొద్దున నేను మెట్ల మీద తులసి కుండీకి నీళ్ళు పోస్తుంటే మా తోటికోడలు కింద మెట్టు దగ్గర నిలబడింది. పైకి రాలేదు.

"అక్కా, జెర కోపం చేసుకోకు. జపం చేసినోళ్ళ మీద ఆ తల్లి నీడ ఉంటదంట. కాన్పు అయ్యేదాక కడుపుతోని ఉన్నోళ్ళను ముట్టొద్దంట. గురూజీ చెప్పిండు."

"ఎప్పుడు చెప్పిండు?"

"మొదట్లనే."

"మరి నాకు ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు కూసోకపోదువు గదా."

అంత నిజం ఆమె నోటి నుంచి నేను ఎప్పుడూ వినలేదు. పాపం, అది తప్పు మాట అని కూడా ఆమెకు తోచలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. మా మరిది గుమ్మంలోకి వచ్చి, ఫోన్లోంచి తల ఎత్తకుండా, "వదినా, ఒక్క దినమే గదా. పైన్నే ఉండుండ్రి. భోజనం పైకే పంపిస్తం" అన్నాడు. ఈయన్ని చదివించింది మా ఆయన. దుకాణం పెట్టించిందీ మా ఆయనే. నేను చెంబు అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను.

పిల్ల ఆ రోజంతా పైకి రాలేదు. ఫోన్ చేస్తే, రేపు మాట్లాడతా పెద్దమ్మా, మెహందీ పెడుతున్నరు అంది.

మర్నాడు కింద సన్నాయి రికార్డు పెట్టారు. పులిహోర వాసన, మల్లెపూల వాసన మెట్లెక్కి వస్తున్నాయి. వచ్చిన ఆడవాళ్ళ గలగల నాకు పైకి వినిపిస్తోంది. గాజుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఐస్‌క్రీము వాడు గుర్తొచ్చాడు. లేచాను. ఆ అంచు లేని తెల్లచీర కట్టుకున్నాను. జుట్టు విరబోసుకున్నాను, పూర్తిగా నెరిసిన జుట్టే. జపం అయ్యాక ఇంటికి పంపిన చేట అటక మీద ఉంది, దింపి నువ్వులు దులిపి, అందులో ఆకుపచ్చ గాజులు పెట్టుకుని మెట్లు దిగాను.

హాలు మధ్యలో కుర్చీలో పిల్ల, పసుపు పట్టుచీర కట్టుకుని, బుగ్గలకు పసుపు, చేతులకు గంధం. చుట్టూ ముత్తైదువలు. సోఫాలో గురూజీ, చేతిలో లడ్డూల పళ్ళెం. ఆ వేషంలో, ఆ చేటతో నన్ను చూసి ఆయన మొహం పాలిపోయింది.

"అమ్మా, ఆ చీర... ఆ చేట... అవి జపం వేళకేనండీ" అన్నాడు.

"పటానికి రోజు హారతిస్తున్నరు గదా గురూజీ. ఇగో, ప్రాణమున్నది వచ్చింది. లేసి దండం పెట్టుండ్రి" అన్నాను.

నిజంగానే సగం లేచాడు. లేచినవాడు ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. ముత్తైదువల్లో ఒకావిడ కంగారులో చేతులు జోడించేసింది కూడా. మా తోటికోడలు నాకు అడ్డం రాబోయింది. అప్పుడు పిల్ల అంది, "రానియ్యి మమ్మీ. పెద్దమ్మను రానియ్యి."

నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. అడ్డమున్నవాళ్ళు తప్పుకున్నారు. నేను దాని ఎదురుగా పీట మీద కూర్చున్నాను. కుడి చెయ్యి చాపింది. నవ్వింది కూడా. ఒక్కొక్క గాజూ మెత్తగా నొక్కి, చిట్లకుండా ఎక్కించాను. చిన్నప్పుడు కూడా అలాగే తొడిగేదాన్ని, అది అప్పుడు నొప్పి అని అరిచేది. కుడి చేతికి అయిపోయాయి. చూశారా అన్నట్టు చుట్టూ ఒకసారి చూశాను. నా నోటి నిండా మాటలున్నాయి. గురూజీకి కొన్ని, మరిదికి కొన్ని, మా తోటికోడలికి ఎక్కువ. పిల్లకు గాజులు తొడగడం అయ్యాక ఒక్కొక్కరికీ వడ్డిద్దామనుకున్నాను.

"ఎడమ చెయ్యి ఇయ్యి బిడ్డా" అన్నాను.

ఇవ్వలేదు. ఆ చెయ్యి కొంగు కింద ఉంది. నేనే కొంగు కొంచెం జరిపాను. దాని పిడికిట్లో పసుపు కొమ్ముల మాల ఉంది. బొటనవేలు ఒక్కొక్క కొమ్మునూ జరుపుతోంది. తల ఎత్తి మొహం చూశాను. నవ్వు అలాగే ఉంది, కళ్ళు నా మీదే ఉన్నాయి, పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కొంచెం విచ్చుకోవడం, మూసుకోవడం. హ్లీం. హ్లీం. ఆ బగళాముఖి పసుపు చీర ఎందుకు కట్టించారో అప్పుడు అర్థమైంది నాకు.

"ఏం చదువుతున్నవ్ బిడ్డా?" అని గొణిగాను.

"ఏం లేదు పెద్దమ్మా" అంది చిన్నగా. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వు దగ్గరికొస్తే చదువుకొమ్మన్నడు గురూజీ. కడుపుకు మంచిదంట. నువ్వేం అనుకోకు."

అని మళ్ళీ మొదలుపెట్టింది. భయపడుతోంది. నేను పక్కన పడుకుంటే తప్ప నిద్రపోని పిల్ల, నన్ను చూసి భయపడుతోంది.

ఎన్ని మాటలు దాచుకుని మెట్లు దిగానో, వాటిలో ఒక్కటీ రాలేదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఎడమ చేతి గాజులు చేటలోనే ఉన్నాయి. హాలంతా నేను ఏదో ఒకటి అంటానని చూస్తోంది, నేను నోరు తెరిచి అలాగే కూర్చుండిపోయాను. అది చూసి మా తోటికోడలు గురూజీ వైపు తిరిగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.